మరక పోవాలి, చెప్పు మిగలాలి

వేసవి మధ్యాహ్నం కొత్తగా వేసిన రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చాలు, చెప్పుల అడుగున తారు ముద్ద కడుతుంది. బస్సులో సీటు కింద ఎవరో పారేసిన బబుల్ గమ్ బూటుకు తగులుకుని సాగుతుంది. పనసకాయ కోసినచోట కారిన పాలు, బండి ఇరుసు దగ్గరి కందెన, కొత్త చెప్పుల మీద ధర చీటీ పీకేశాక మిగిలిపోయే బంక, ఇలా పాదరక్షలకు అంటుకునే జిగట మరకలు చాలా రకాలు. వీటికి మందు వెతకడానికి మనం ముందుగా వెళ్లేది వంటింట్లోకే. కొబ్బరినూనె, ఐసుముక్కలు, వంటసోడా, నిమ్మచెక్క, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ దాచి ఉంచిన కిరసనాయిలు సీసా. ఇవన్నీ పనిచేస్తాయని నమ్మేవారు కొందరు. వీటివల్లే మంచి చెప్పులు పాడవుతాయనేవారు మరికొందరు. రెండు మాటల్లోనూ నిజముంది కాబట్టి ఏదో ఒక పక్షం చేరే ముందు కొంచెం నిదానంగా చూడటం మంచిది.

చిట్కాల పక్షాన చెప్పుకోవలసింది తక్కువేమీ కాదు. రెండు మూడు వందలకు కొన్న చెప్పుల మరక కోసం అంతే ధర పెట్టి శుభ్రం చేసే ద్రావకం కొనమనడం న్యాయం కాదు. ఏడాదికి ఒకే జత కొనుక్కునే ఇంట్లో ఆ జతను నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. పైగా ఈ చిట్కాలు గాలిమాటలు కావు, వాటి వెనక గట్టి కారణమే ఉంది. తారు ముడిచమురును శుద్ధి చేయగా చివరికి మిగిలే బరువైన పదార్థం. అది నీటిలో కలవదు గానీ నూనెలో మెత్తబడుతుంది. పనస పాలు చేతికి అంటకుండా కత్తికీ అరచేతులకీ ముందే నూనె రాసుకునే ఇల్లాలు ఆ సూత్రాన్ని ఎప్పటినుంచో వాడుతోంది. బజారులో దొరికే మరకల ద్రావకాల్లోనూ చాలావరకు పెట్రోలియం నుంచి తీసినవో, నారింజ జాతి పండ్ల తొక్కల నుంచి తీసిన నూనెలో, ఆల్కహాలో ఉంటాయి. డబ్బా మారుతుంది గానీ పని జరిగే తీరు పెద్దగా మారదు.

అయితే చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. చెప్పు తయారయ్యేదీ దాదాపు ఆ కోవకు చెందిన పదార్థాలతోనే. రబ్బరు అడుగు, దాన్ని పైభాగానికి అతికించే జిగురు, తోలులా కనిపించేలా గుడ్డమీద పూసిన ప్లాస్టిక్ పొర, ఇవేవీ నూనెకు, ద్రావకానికి పూర్తిగా లొంగనివి కావు. మామూలు రబ్బరు నూనెలను పీల్చి ఉబ్బుతుంది. పెట్రోలు, డీజిలు పారే గొట్టాలకు అందుకే నైట్రైల్ లాంటి ప్రత్యేకమైన రబ్బరు వాడతారు. చెప్పులు కుట్టేచోట ‘సొల్యూషన్’ అని పిలిచే జిగురు కూడా ద్రావకంలో కరిగించిన రబ్బరు లాంటి పదార్థమే. కాబట్టి మరకను కరిగించగలిగినదానికి అడుగును పట్టి ఉంచిన అతుకును కూడా వదులు చేసే శక్తి ఉంటుంది. మరక పోయిందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే వేసుకుంటే ఈ రెండో లెక్క మన కంటికి ఆనదు. చిట్కా చెప్పేవారు మరక పోయిన రోజు సంగతి చెబుతారు. అతుకు ఊడేది మరి కొన్ని వారాల తర్వాత. అప్పటికి ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ గుర్తుండదు.

అందుకే మందు కంటే ముందు మరక ఏదో తెలుసుకోవాలి. జిగటగా ఉన్నదల్లా నూనెకు కరిగేది కాదు. బెల్లం పాకం, కూల్‌డ్రింకు, ఆఫీసు గమ్, తుమ్మబంక, ఇవన్నీ నీటికి లొంగేవే. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి కాసేపు కప్పి ఉంచితే నానిపోతాయి. వీటిమీద నూనె పోయడం దండగ, పైగా ఒక మరకకు రెండో మరక తోడవుతుంది. తారు, కందెన, పనస పాలు, బబుల్ గమ్, చీటీల వెనక ఉండే బంక, ఇవి మాత్రం నీటిని దగ్గరకు రానివ్వవు. తడి వేలితో ముట్టుకుంటే మెత్తబడి వేలికి జారుడు తగిలితే నీటి జాతి, నీటి చుక్క నిలిచి జారిపోతే నూనె జాతి. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. ఇది చేయకుండా మొదలుపెట్టడమే చాలా చెప్పులు పాడవడానికి కారణమని నా అభిప్రాయం.

నూనె జాతి మరకల్లోనూ అన్నిటికంటే నిరపాయమైన మార్గం చల్లదనం. బబుల్ గమ్ లోని నమిలే పదార్థం ఒకప్పుడు సపోటా జాతి చెట్టు పాల నుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కువగా కృత్రిమ రబ్బరు లాంటి పాలిమర్లతో చేస్తున్నారు. అది ఏ ద్రావకానికీ తేలిగ్గా లొంగదు. 1992లో సింగపూర్ దాని దిగుమతినే నిషేధించి, 2004లో వైద్య అవసరాలకు పనికొచ్చే రకాలకు మాత్రమే సడలింపు ఇచ్చిందంటే అది పెట్టే ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు. కానీ చలికి అది గట్టిపడి పెళుసవుతుంది. ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్కలు వేసి ఆ ముద్దమీద పది, పదిహేను నిమిషాలు ఉంచితే, వేలికి సాగుతూ వచ్చిన గమ్ గోటితో కొడితే టక్కున మోగేలా బిగుసుకుంటుంది. అప్పుడు చెంచా అంచును దాని కిందికి దూర్చి పైకి లేపితే పెద్ద పలుకు ఒక్కసారిగా విరిగి వస్తుంది. గాట్లలో ఇరుక్కున్న పోగులు మాత్రం మిగులుతాయి. వాటిని మళ్లీ చల్లబరిచి పాత టూత్‌బ్రష్‌తో గాటు వెంబడి రుద్దాలి. ఇందులో కరగడమన్నది లేదు కాబట్టి జిగురుకూ రంగుకూ ముప్పు లేదు.

ఇంత మంచి పద్ధతికీ హద్దులున్నాయి. ముద్దగా ఉన్నదానికే చల్లదనం పనికొస్తుంది. పలుచగా పాకిన తారు చారకీ, చీటీ వెనక ఉండే పల్చటి బంకకీ దానితో పెద్దగా లాభం లేదు. జాలీ గుడ్డతో చేసిన బూట్లలో గమ్ విరిగి పలుకులుగా రాలినా, కొన్ని పలుకులు దారాల మధ్యకు పోయి, బూటు మళ్లీ వేడెక్కగానే పరుచుకుంటాయి. ఐసు కరిగిన నీళ్లు తోలుమీద పడితే కొత్త మచ్చ ఏర్పడవచ్చు. చెప్పును సంచిలో కట్టి ఫ్రీజర్లో పెట్టమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. పని జరగొచ్చు. కానీ రోడ్డుమీది మురికి తొక్కిన చెప్పును తినే పదార్థాల పక్కన పెట్టడానికి మన ఇళ్లలో పెద్దలు ఒప్పుకోరు. ఆ అభ్యంతరాన్ని ఛాదస్తమని తీసిపారేయలేం. ఐసునే బయటికి తెచ్చుకుంటే సరిపోయేదానికి ఆ తగాదా తెచ్చుకోవడం అనవసరం.

తారు విషయానికి వస్తే నూనెను తప్పించుకోవడం కష్టం. మన రోడ్లకు విరివిగా వాడే వీజీ-30 రకం తారు మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది భారతీయ ప్రమాణం. రెంటచింతలలోనో రామగుండంలోనో గాలే 45 డిగ్రీలు దాటే రోజుల్లో, నల్లటి రోడ్డు పైపొర దానికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి చెప్పులకు తారు అంటడం వేసవిలో మామూలే. గట్టి ముద్దను ముందు చల్లబరిచి గీరేశాక, మిగిలిన నల్లటి పొరమీద వంటనూనె రాసిన గుడ్డ ఆనించి కొన్ని నిమిషాలు ఆగితే తారు గోధుమరంగు చారలుగా గుడ్డలోకి దిగుతుంది. గుడ్డను మడత మార్చుతూ తుడవాలి. మార్చకపోతే తీసిన తారే మళ్లీ పక్కకు పాకుతుంది. నూనె వాసన ఘాటు కాదు, అంటుకునే ప్రమాదం తక్కువ, చేతులకు హాని లేదు. ఇన్ని సుగుణాలున్న ద్రావకం ఇంట్లో మరొకటి లేదనే చెప్పాలి.

కానీ ఆ నూనెకు రెండు దోషాలున్నాయి, రెండూ వెంటనే కనబడవు. ఒకటి, రాత్రంతా నానబెట్టడం. ఎంతసేపు నానితే అంత మంచిదన్న భ్రమతో చెప్పును నూనెలో వదిలేస్తే రబ్బరు అడుగు మెత్తబడి ఉబ్బవచ్చు, అతుకుల దగ్గర జిగురు బలం తగ్గవచ్చు. రెండోది ఇంతకంటే ముఖ్యమైనది. నూనె అడుగునే మిగిలిపోతే ఆ చెప్పు జారుతుంది. గ్రానైట్, టైల్స్ పరిచిన ఇళ్లలో, తడి ఉన్న స్నానాల గది గుమ్మం దగ్గర, పెద్ద వయసువాళ్లు ఆ చెప్పుతో అడుగు వేస్తే జరగగల అనర్థం ముందు తారు మరక లెక్కలోకి రాదు. తుంటి ఎముక విరిగిన పెద్దవారు మళ్లీ మునుపటిలా నడవడం ఎంత కష్టమో చూసినవారికి ఈ జాగ్రత్త అతిగా అనిపించదు. అందుకని నూనెతో మొదలైన పని గిన్నెల సబ్బు నీళ్లతోనే ముగియాలి. అడుగు గాట్లన్నీ బ్రష్షుతో రుద్ది, కడిగి, వేలితో రాసి చూసినప్పుడు జిడ్డు తగలకూడదు. అంత ఓపిక లేదనుకుంటే నూనె జోలికి పోకపోవడమే నయం.

ఇక కిరసనాయిలు. తారు విషయంలో దానికి సాటి రాగల ఇంటి వస్తువు దాదాపు లేదు. తారును పలుచన చేయడానికి రోడ్ల పనుల్లోనూ కిరసనాయిలు కలిపే పద్ధతి ఉంది. పనయ్యాక చేతులకు అంటిన తారును కార్మికులు కిరసనాయిలుతోనో డీజిలుతోనో తుడుచుకోవడం సాధారణంగా కనిపించేదే. నూనెతో అరగంట పట్టేది దీనితో ఐదు నిమిషాల్లో అవుతుంది. కాబట్టి దాన్ని సమర్థించేవారి మాటను తేలిగ్గా కొట్టేయలేం.

కొట్టేయలేకపోయినా, తూకంలో రెండోవైపు పెట్టవలసినవి చాలా బరువైనవి. కిరసనాయిలు ఆవిరి నిప్పు అందుకోగల కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు తగ్గకూడదని మన దేశపు ప్రమాణం చెబుతుంది. అంటే, చెప్పులకు తారు అంటుకునే ఆ వేసవి మధ్యాహ్నాల్లోనే, పెరట్లో గాలి ఆ ఉష్ణోగ్రతను దాటి ఉండవచ్చు. గ్యాసు పొయ్యికీ, దీపానికీ, అగరుబత్తికీ దగ్గరగా ఆ పని చేయకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పెట్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది గడ్డకట్టే చలిలోనూ అంటుకుంటుంది, మరక కోసం దాన్ని ఇంట్లోకి తేవడం ఏ లెక్కనా సమర్థనీయం కాదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. కొద్దిగా మిగిలిన కిరసనాయిలును మనవాళ్లు పోసి ఉంచేది ఖాళీ కూల్‌డ్రింకు సీసాలోనే. పిల్లలు దాహమేసి దాన్ని ఎత్తి తాగేస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. కక్కించబోతే మరింత లోపలికి పోతుంది కాబట్టి వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక చెప్పు మరక కోసం ఈ సీసాను ఇంట్లో ఉంచుకోవడం ఎంతవరకు సబబో ప్రతి ఇల్లూ తనంతట తాను ఆలోచించుకోవాలి.

చీటీ బంకకు నెయిల్ పాలిష్ రిమూవర్ వాడేవారు ఉన్నారు. అందులో ఎసిటోన్ ఉంటే బంక క్షణాల్లో వదులుతుంది. దానితోపాటు కృత్రిమ తోలు మీది నిగనిగలాడే పొర, అచ్చువేసిన పేరు, తోలు రంగు కూడా వదలవచ్చు, ఆ పోయింది మళ్లీ రాదు. 2020 నుంచి చాలా ఇళ్లలో మిగిలిన శానిటైజర్ సీసాలు దీనికంటే కొంత మెతకైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమాల్లో ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే 75 శాతం ఉంటుంది. బంకను సడలించడానికి అది చాలావరకు సరిపోతుంది. ఇదీ మండే ద్రవమే, ఇదీ తోలు రంగును లాగగలదు. రెండింటిలో దేన్ని వాడినా ముందు మడమ లోపలివైపు, కంటికి కనబడని చోట, దూదితో ఒక చుక్క అద్ది చూడటం తప్పనిసరి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయాలి.

వంటసోడా, నిమ్మరసం కలిపితే వచ్చే నురగ చూడటానికి బాగుంటుంది. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి తటస్థం చేసుకోగా మిగిలేది శుభ్రపరిచే శక్తి పెద్దగా లేని ఉప్పు నీళ్లు. టూత్‌పేస్టు తెల్ల రబ్బరు అంచులమీది మురికికి పనికొస్తుంది గానీ జిగటను కరిగించదు, పైగా మెరిసే పొరను గీస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి బంకను వదులు చేస్తుందన్నది నిజమే అయినా, చెప్పు జిగురునూ వదులు చేస్తుంది. తేలికపాటి ఫోమ్ చెప్పులు ఆ వేడికి కుంచించుకుపోతాయి కూడా.

తోలు విషయంలో ఇంకొంచెం నెమ్మదిగా మాట్లాడాలి. దక్షిణాదిలో ఒకప్పుడు తోళ్లను తంగేడు చెక్కతో ఊనబెట్టి శుద్ధిచేసేవారు, ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడుతున్నారు. ఎలా శుద్ధిచేసినా తయారైన తోలు కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది. దానిమీద సోడా, బట్టల సబ్బు లాంటి క్షారాలు పదేపదే రాస్తే అది ఎండి బిరుసెక్కి చిట్లుతుంది. నూనె రాస్తే పీల్చుకుని నల్లబడుతుంది. నూగు ఉన్న తోలుమీద ఆ నలుపు శాశ్వతం. మరి తోలుకు జిడ్డు అంటితే ఏం చేయాలి? శనగపిండో, ముఖానికి రాసే పౌడరో, మెత్తగా నూరిన సుద్దో ఆ చోట చల్లి రాత్రంతా వదిలేస్తే కొంత జిడ్డును లాగుతుంది. మొత్తం పోదు. కుట్ల సందుల్లో పిండి ఇరుక్కుంటుంది. అయినా దానివల్ల తోలుకు చెరుపు లేదు. సగం పోయినా పూర్తిగా పాడవలేదన్నదే ఇక్కడ లాభం. ఖరీదైన తోలు చెప్పులైతే బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లడం మేలు. ఆయన మరకను చూసే ముందు చెప్పును తిరగేసి అడుగు ఎలా అతికిందో, కుట్టు ఎక్కడుందో చూస్తాడు. ఆ క్రమం మనకూ నేర్చుకోదగ్గదే.

ఇలాంటివారు ప్రతి వీధిలోనూ లేరన్నది నిజం. బయటి ద్రావకపు డబ్బాలమీద వాడుక సూచనలు చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంటాయి, చదవలేనివారికి ఆ డబ్బా వంటింటి సీసా కంటే భద్రమని చెప్పలేం. అలాగని వంటింట్లోదంతా హానిలేనిదని అనుకోవడానికీ వీల్లేదు. నాకు తోచిన నడిమి దారి ఇది. ముందు నీటితో పరీక్ష. ముద్ద ఉంటే చల్లబరిచి గీరడం. మిగిలినదానికి, రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులకు మాత్రం, గుడ్డకు రాసిన కొద్దిపాటి నూనె. చెప్పుమీద నూనె పోయడం గానీ నానబెట్టడం గానీ వద్దు. అతుకుల అంచు దగ్గర ఆ గుడ్డ ఆగిపోవాలి. తర్వాత సబ్బు, నీళ్లు, నీడన ఆరబెట్టడం. జిడ్డు తుడిచిన గుడ్డలూ కాగితాలూ చెత్తబుట్టలోకే వెళ్లాలి. సింకులో కడిగేస్తే గొట్టం పూడుతుంది.

ఇంతా చేశాక ఏదో ఒక చార మిగులుతుంది. అది అడుగుభాగాన ఉంటే వదిలేయమనే నేను సలహా ఇస్తాను. దానిమీద పొడి మట్టి చల్లి రుద్దితే జిగట చచ్చిపోతుంది, నడుస్తుంటే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. పైభాగాన, అందరికీ కనిపించేచోట ఉన్న మరక గురించి మాత్రం ఇంత సులువుగా చెప్పలేను. పెళ్లికో ఉద్యోగపు ఇంటర్వ్యూకో వేసుకోవలసిన జతమీద ఒక చార ఉండటం ఒకరికి పట్టనిది కావచ్చు, మరొకరికి రోజంతా గుచ్చుకోవచ్చు. ఆ రెండోవారు శానిటైజర్ చుక్కతో సాహసం చేస్తే తప్పుపట్టను, ముందు మడమ లోపల పరీక్షించి చూసుకున్నంతవరకు. కిరసనాయిలు విషయంలోనే నా మనసు ఒకవైపుకు మొగ్గుతోంది. పసిపిల్లలు తిరిగే ఇంట్లో దాని సీసా ఉండకూడదు. పిల్లలు లేని ఇంట్లో, దాని పేరు పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసిన అరలో పెట్టి, ఆరుబయట, నిప్పుకు దూరంగా, చల్లబడ్డ సాయంత్రం వేళ వాడతామనేవారితో నేను వాదించను. అలా వాడేవారు కూడా పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ గుడ్డను ఇంటి బయట ఆరనివ్వాలి.